పని వల్ల జబ్బు పడేవాళ్ళ లెక్క అసలు ఎవరి దగ్గరైనా ఉందా?

గూడూరు_కుర్రోడు

అందరికీ నమస్కారం. సూటిగా అడిగేస్తా. మన దగ్గర చేసే పని వల్లే జబ్బు చేసి, మంచాన పడి, చివరికి పోయేవాళ్ళు ఏడాదికి ఎంతమంది ఉంటారు? ప్రమాదాల లెక్క అయితే ఎక్కడో ఒకచోట దొరుకుతోంది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగితే రోజుల తరబడి టీవీల్లో అదే. రావాల్సిందే, కాదనను. కానీ మంటా చప్పుడూ లేకుండా ఇంట్లో దగ్గుతూ పోయేవాళ్ళ సంగతి మాత్రం ఎంత వెతికినా కనపడటం లేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, మా చిన్నాన్న గూడూరు వైపు ఒక పలుగురాయి మిల్లులో చాలా ఏళ్ళు చేశాడు. రాయిని పగలగొట్టి, పిండి కొట్టి, జల్లించి బస్తాలకెత్తడం. ఆ పిండి గాజుకీ పింగాణీకీ పోతుందంట. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు, చెవుల మీద వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి, చిన్నప్పుడు మేము చూసి నవ్వేవాళ్ళం. మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. మిల్లువాళ్ళు రోజూ ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాళ్ళు, తింటే దుమ్ము దిగిపోతుందని. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకుంటున్నాడు. టీబీ అన్నారు, ఆరు నెలల కోర్సు వాడాడు, తేరుకున్నట్టే ఉండి మళ్ళీ మొదలైంది, మళ్ళీ టీబీ మందులే. కళ్ళె పరీక్షలో మాత్రం ఏమీ రాలేదు. ఇన్ని ఆసుపత్రులు తిప్పినా ఒక్కరు కూడా "ఏం పని చేసేవాడివయ్యా" అని అడిగిన పాపాన పోలేదు. ఆయనతో పాటు చేసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇలాగే దగ్గి దగ్గి పోయారు, ఊళ్ళో ఏమో "తాగుడెక్కువై పోయాడు" అనేశారు.

ఇలాంటి కేసులు ఎన్ని ఉన్నాయండీ అని ఒక ఆఫీసులో అడిగితే "మా దగ్గర అలాంటివి ఏమీ లేవు" అన్నారు. నిజంగా లేవా, లేక రాసుకోలేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలపిచ్చి

రాసుకోలేదు. అదే అసలు సమాధానం, మిగతాది వివరణ. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదువు.

ప్రపంచం మొత్తానికి డబ్ల్యూహెచ్‌ఓ, ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) కలిసి 2021లో ఒక అంచనా బయటపెట్టాయి. 2016 ఒక్క సంవత్సరంలో పని కారణంగా పోయినవాళ్ళు దాదాపు 19 లక్షలు. ప్రమాదాల్లో పోయింది అందులో 3 లక్షల 60 వేలు. మిగతా 81 శాతం జబ్బులే. అంటే టీవీలో కనపడే రకం చావు ఒకటి ఉంటే, కనపడని రకం నాలుగు. ఇంకో సంగతి విను, ఆ జాబితాలో అందరికన్నా పైనున్న కారణం దుమ్మూ కాదు, రసాయనాలూ కాదు. వారానికి 55 గంటలు, ఆపైన పని చేయడం. దానివల్ల వచ్చే పక్షవాతం, గుండెజబ్బులతో పోయినవాళ్ళు 7 లక్షల 45 వేలు. పనిచోట దుమ్ము, పొగ, ఆవిర్లు పీల్చి పోయినవాళ్ళు 4 లక్షల 50 వేలు. ఐఎల్‌ఓ 2023లో విడిగా ఇంకో అంచనా ఇచ్చింది, దాని ప్రకారం ఏడాదికి 29 లక్షలకు పైనే, అందులో 26 లక్షలు జబ్బుల వల్ల. ఒకే విషయం మీద 19 ఏంటి, 29 ఏంటి అని అడుగుతావేమో. ఎన్ని జబ్బుల్ని లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. 2021 వాళ్ళు ఫలానా కారణానికి ఫలానా జబ్బు అని 41 జతలే తీసుకున్నారు, అసలు భారం ఇంతకన్నా ఎక్కువే ఉంటుందని వాళ్ళే రాసుకున్నారు.

ఇప్పుడు లెక్క ఎలా కడతారో చూడు, మన గోల అక్కడే ఉంది. బ్రిటన్‌లో మనుషుల్నే అడుగుతారు. కుటుంబాల సర్వేలో "గత ఏడాదిలో నీ పని వల్ల నీకేమైనా జబ్బు చేసిందా, ఉన్న జబ్బు ముదిరిందా" అని ఒక ప్రశ్న. 2023-24లో 17 లక్షల మంది అవునన్నారు, అందులో 7 లక్షల 76 వేల మందిది టెన్షన్, డిప్రెషన్, ఆందోళన. అదే ఏడాది అక్కడ పనిచోట ప్రమాదాల్లో చనిపోయిన కార్మికులు 138 మంది. ఎప్పుడో పాత రోజుల్లో పీల్చిన దుమ్ము, రసాయనాల వల్ల ఇప్పుడు ఏటా పోతున్నవాళ్ళు సుమారు 13 వేలు అని వాళ్ళ ప్రభుత్వ అంచనా. 138 ఎక్కడ, 13 వేలు ఎక్కడ! ప్రమాదాలు మాత్రమే చూసేవాడికి ఆ దేశంలో ఫ్యాక్టరీలు గుడి అంత భద్రంగా కనపడతాయి.

మన పద్ధతి వేరు. ఫ్యాక్టరీల చట్టం, 1948, మూడో షెడ్యూల్‌లో 29 జబ్బులు ఉండేవి, సిలికోసిస్ (రాతిలోని సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తి మచ్చకట్టే జబ్బు), ఆస్బెస్టాసిస్, సీసం విషం, పత్తి దుమ్ము జబ్బు, చెవుడు ఇలా. వీటిలో ఏదైనా వస్తే మేనేజర్ చెప్పాల్సి ఉండేది, చూసిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా పంపాల్సి ఉండేది. పంపని డాక్టరుకి అప్పట్లో శిక్ష ఏంటో తెలుసా, జరిమానా, అదీ వెయ్యి రూపాయల లోపు. దాని స్థానంలో పని భద్రత, ఆరోగ్యం మీద 2020లో చేసిన కొత్త కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు, అందులోనూ జాబితా ఉంది, డాక్టరు చెప్పాలనీ ఉంది. జాబితా ఎంత బాగున్నా రాసి పంపేవాడు లేకపోతే కూడిక సున్నాయే. ఆ సున్నా పట్టుకుని "మా దగ్గర లేవు" అంటారు. సిలికా దుమ్ము ప్రమాదంలో ఉన్న కార్మికులు దేశంలో 30 లక్షల మంది అని ఐసీఎంఆర్ 1999లోనే చెప్పింది, భవన నిర్మాణం వాళ్ళని కలపకుండానే. 30 లక్షల మంది పీలుస్తుంటే రికార్డుల్లోకి ఎక్కేవాళ్ళు ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టేంత ఉంటే, జబ్బు తక్కువని అర్థమా, రాత తక్కువని అర్థమా.

స్టెతస్కోపు

నేను కొన్నాళ్ళు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చేశాను, ఇప్పుడు మండలంలో సొంత క్లినిక్. పైన చెప్పింది నిజమే కానీ జరిమానా ఒక్కటే కారణం కాదండి. ఓపీ చీటీ ఎప్పుడైనా గమనించారా? పేరు, వయసు, ఊరు, బీపీ. పని అన్న గడి ఉంటే అందులో అందరికీ "కూలీ" అని రాసి ఉంటుంది. ఏ కూలీ? మిరపకాయ కూలీ ఊపిరితిత్తి వేరు, రాయి కూలీ ఊపిరితిత్తి వేరు. వరండాలో లైను రోడ్డు దాకా ఉంటే ఎవరికీ ఆ రెండో ప్రశ్న అడిగే తీరిక ఉండదు. దానికి తోడు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. మామూలు సిలికోసిస్ పదేళ్ళు, ఆపైన పీలిస్తే వస్తుంది, దుమ్ము మరీ ఎక్కువగా ఉండే పిండి మిల్లుల్లో అయితే ఐదేళ్ళ లోపే కూడా రావచ్చు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్‌కి 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మనిషి పని మానేసి ఉంటాడు, ఊరు మారి ఉంటాడు, కొన్నిసార్లు మిల్లే ఉండదు.

తమ్ముడూ, మీ చిన్నాన్న విషయం. చూడకుండా ఇదీ అని చెప్పలేను. కానీ పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికానే, కాబట్టి సిలికోసిస్ అనుమానించి తీరాలి. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది, చీదితే పోతుంది. ప్రాణం తీసేది కంటికి కనపడని సన్న దుమ్ము, అది తువ్వాలు దాటి లోపలి గదుల దాకా వెళ్ళి అక్కడే ఉండిపోతుంది, దాని చుట్టూ ఊపిరితిత్తి మచ్చకడుతుంది. బెల్లం దిగేది పొట్టలోకి, దుమ్ము దిగేది ఊపిరితిత్తిలోకి, రెండిటికీ సంబంధం లేదు. ఇలా మచ్చకట్టిన ఊపిరితిత్తి ఎక్స్‌రేలో పైభాగాన మచ్చలు మచ్చలుగా కనపడుతుంది, టీబీ కూడా అక్కడే కనపడుతుంది. అందుకే కళ్ళెలో పురుగు దొరకకపోయినా ఫిల్ము చూసి టీబీ మందులు మొదలుపెడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. దీన్ని చదివి టీబీ మందులు ఆపేయకండి. సిలికా పట్టిన ఊపిరితిత్తికి టీబీ వచ్చే అవకాశం మామూలు మనిషికన్నా చాలా ఎక్కువ, రెండూ కలిసి ఉండేవాళ్ళు చాలామంది. ఛెస్ట్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, హెచ్‌ఆర్‌సీటీ, (ఊపిరితిత్తుల స్కాన్), ఊపిరి ఊదే పరీక్ష చేయించండి. వెళ్ళగానే ముందు మీరే చెప్పండి, "ఇన్నేళ్ళు పలుగురాయి పిండి మిల్లులో చేశాడు, పొడి రాయి, నీళ్ళు చల్లేవాళ్ళు కాదు" అని, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. చీటీ మీద ఆ మాట రాయించుకోండి.

ఇంకొకటి గమనించారా? మీ చిన్నాన్న ప్రభుత్వ లెక్కలో లేకుండా ఏం లేడు. టీబీ వాళ్ళ పోర్టల్లో పేరుంటుంది, పోషణ డబ్బులు కూడా అకౌంటులో పడుతుంటాయి. టీబీ లెక్కలో ఎక్కాడు, మిల్లు లెక్కలో ఎక్కలేదు, అంతే తేడా.

నైట్‌షిఫ్ట్

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. రాయి మిల్లు అంటే సరే, అక్కడ దుమ్ము కనపడుతోంది. కానీ ఈ లక్షల లెక్కల్లో గుండెపోటు, పక్షవాతం కూడా కలిపేస్తున్నారు కదా, అది ఎంతవరకు న్యాయం? హైదరాబాద్‌లో మా ఆఫీసులో సగం మందికి బీపీ, షుగర్, ఫ్యాటీ లివర్. ఆ మధ్య ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళ స్టడీ వచ్చింది, అందరూ స్టేటస్‌లు పెట్టుకున్నారు "కంపెనీలు చంపేస్తున్నాయి" అని. అర్ధరాత్రి పన్నెండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నది ఎవరు, మేనేజరా? లిఫ్టు ఎక్కింది ఎవరు? అన్నీ పని మీదకి తోసేస్తే రేపు బట్టతల కూడా పని జబ్బే అంటారు.

బీడీకట్ట

బ్రో, పన్నెండింటికి నిన్ను మెలకువగా కూర్చోబెట్టింది ఎవరు?

లెక్కలపిచ్చి

నైట్‌షిఫ్ట్ అడిగింది మంచి ప్రశ్న, ఎగతాళి చేయకండి. ఆ స్టడీలో చూసింది 345 మందిని. లివర్‌లో కొవ్వు ఉందని తేలింది, అది ఉద్యోగం వల్లేనని తేల్చలేదు, అంత మాత్రానికి కంపెనీ చంపేస్తోందని రాయడం తొందరపాటే. ఈ విషయంలో నేను నీ వైపే.

కానీ వాటా కట్టే పద్ధతి ఒకటుంది. ఉదాహరణకి ఆస్తమా తీసుకో. దేశదేశాల స్టడీలన్నీ కలిపి చూసి అమెరికా, యూరప్ ఛెస్ట్ డాక్టర్ల సంఘాలు 2019లో తేల్చింది ఏంటంటే, పెద్దయ్యాక వచ్చే ఆస్తమాలో 16 శాతం పని వల్ల, సీఓపీడీ (ఊపిరి ఆడకుండా చేసే దీర్ఘకాల ఊపిరితిత్తి జబ్బు)లో 14 శాతం పని వల్ల. దుమ్ములో పనిచేసేవాళ్ళకి ఎంత వచ్చింది, చేయనివాళ్ళకి ఎంత వచ్చింది, సిగరెట్టు అలవాటు సరిచూసి తేడా తీస్తే వచ్చే సంఖ్య అది. నూరుమంది ఆస్తమా రోగుల్ని వరసగా నిలబెట్టి ఆ 16 మంది ఎవరో వేలు పెట్టి చూపించమంటే ఎవరూ చూపించలేరు. కానీ 16 మంది ఉన్నారని మాత్రం చెప్పొచ్చు. గుండెపోటుకీ ఇదే లెక్క. 55 గంటలు చేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకి మధ్య తేడా తీశారు, పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని తేలింది. నీ బిర్యానీని వాళ్ళు మేనేజర్ ఖాతాలో వేయలేదు.

జపాన్‌లో అయితే నెలకి 100 గంటలు, లేదా వరసగా కొన్ని నెలల పాటు సగటున 80 గంటలు ఓవర్‌టైం చేసి గుండెపోటుతో పోతే దాన్ని పని చావుగా చూసి పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ కూడా జనం అర్ధరాత్రి తింటారు.

సిలికోసిస్‌కి ఈ వాటాల గొడవే లేదు. పని తప్ప అంత సిలికా దుమ్ము మనిషికి ఇంకెక్కడైనా దొరకడం చాలా అరుదు. దాదాపు నూటికి నూరూ పనిదే, అయినా అది కూడా లెక్కకి రావడం లేదంటే మిగతావి ఏం వస్తాయి.

మిరపఘాటు

మీరంతా ఫ్యాక్టరీ, ఐటీ, రాయి మిల్లు అంటున్నారు, మా గుంటూరు ఆడవాళ్ళ సంగతి ఏ చట్టం కింద వస్తుందో చెప్పండి చూద్దాం. సీజన్లో మిరపకాయలకి ముచ్చికలు తీసే పనికి మా వీధిలో సగం మంది ఆడవాళ్ళు పోతారు. షెడ్డు నిండా కాయలు రాశి పోసి ఉంటాయి, చుట్టూ గుండ్రంగా కూర్చుంటారు, కిలోకి ఇంత అని కూలి. అంటే ఎంత ఎక్కువ తీస్తే అంత డబ్బు, దగ్గొచ్చిందని బయటికెళ్ళి గాలి పీల్చుకుంటే ఆ కాసేపూ డబ్బు రాదు. కొత్తగా వచ్చిన పిల్ల మొదటి పూటంతా తుమ్ముతుంది, కళ్ళు కారతాయి, పాతవాళ్ళు నవ్వుతారు, "రెండ్రోజులు ఓర్చుకో, అలవాటవుతుంది" అంటారు. అలవాటు కాదు, తుమ్ములు తగ్గుతాయి, దగ్గు మిగిలిపోతుంది. పనికి కూర్చునే ముందు చేతులకి నూనె రాసుకుంటారు, అయినా సాయంత్రానికి వేళ్ళు భగభగమంటాయి. మా పక్కింటావిడ ఇంటికెళ్ళి మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుంటుంది, చంటిపిల్లని ఎత్తుకోవాలన్నా భయమే, ఎక్కడ దాని మొహానికి చెయ్యి తగులుతుందోనని.

వీళ్ళని ఆ బ్రిటన్ ప్రశ్న అడిగినా ఏం చెప్తారనుకుంటున్నారు? "జబ్బేం లేదమ్మా, ఘాటు అంతే" అంటారు. నేను అడిగి చూశాను, ఒక్కరు కూడా జబ్బు అన్న మాట వాడలేదు. పోతే ఆ షెడ్డు ఫ్యాక్టరీ కాదు, హాజరుపట్టీ లేదు, మేస్త్రి ఫోన్ చేసి పిలిస్తే ఆ రోజు పని. ఈ-శ్రమ్ కార్డు మాత్రం ఉంది అందరికీ. ఆ కార్డులో పని ఏంటో రాసుకున్నారు, దేశం మొత్తం మీద 30 కోట్ల మందికి పైగా పేర్లు ఉన్నాయి అందులో. పనీ, పేరూ, ఫోన్ నంబరూ అన్నీ అక్కడే ఉన్నప్పుడు "నీకు దగ్గు వస్తోందా" అని ఇంకొక్క ప్రశ్న ఎందుకు అడగరో నాకర్థం కాదు.

బొగ్గుబాయి

మా నాయిన అండర్‌గ్రౌండ్‌ల పనిచేసి రిటైర్ అయిండు. గనుల దగ్గర అయితే పరీక్ష ఉంటది, పర్మినెంట్ కార్మికుడికి కనీసం ఐదేళ్ళకోసారి పీఎంఈ అని పిలుస్తరు, ఎక్స్‌రే తీస్తరు, చెవులు చూస్తరు, అది గనుల రూల్స్‌లోనే ఉంది. బొగ్గు దుమ్ము జబ్బు కూడా తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిందే. కాబట్టి "మన దేశంల ఎవరూ చూడరు" అనుడు తప్పు, కొందరిని చూస్తరు. కాకపోతే రెండు బొక్కలు ఉన్నయ్. ఒకటి, రిటైర్ అయినంక పిలిచేటోడు లేడు, జబ్బు ముదిరేదేమో అప్పుడే, పైన డాక్టర్ గారు చెప్పినట్టు. రెండు, ఇప్పుడు ఓపెన్‌కాస్టుల మట్టి తీసే పని ఎక్కువ భాగం కాంట్రాక్టోళ్ళదే, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన డ్రైవర్లు, ఆపరేటర్లు. కాంట్రాక్టర్ మారితే మనిషి మారతడు, వాని ఎక్స్‌రే ఏ బీరువాల ఉంటదో ఎవరికి తెలుసు. రాజస్థాన్ నుంచి వచ్చినోనికి జబ్బు అక్కడికి పోయినంక బయటపడితే అది ఏ రాష్ట్రం లెక్క?

సంఘంమనిషి

బొగ్గుబాయి అడిగిన చివరి ప్రశ్నకి ఒక జవాబు ఉంది, గూడూరు తమ్ముడికి కూడా పనికొస్తుంది. గుజరాత్‌లో గోధ్రా వైపు పలుగురాయి పిండి మిల్లులు ఉండేవి, అచ్చం మీ చిన్నాన్న చేసినలాంటివే. పనికి వచ్చింది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ఆదివాసీలు. కొన్నాళ్ళు చేసి ఊరికి పోయేవాళ్ళు, అక్కడ చచ్చిపోయేవాళ్ళు. మిల్లు ఉన్న రాష్ట్రంలో చావు లేదు, చావు ఉన్న రాష్ట్రంలో మిల్లు లేదు. లెక్క బయటికొచ్చింది మిల్లుల నుంచి కాదు. ఊళ్ళల్లో కొందరు ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ మిల్లుకి పోయారు, ఎన్నాళ్ళు చేశారు, ఇప్పుడు ఉన్నారా పోయారా అని రాసుకున్నారు. ఆ కాగితాలు మానవ హక్కుల కమిషన్‌కి, సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. చనిపోయిన 238 మంది కుటుంబాలకి మనిషికి 3 లక్షల చొప్పున ఇవ్వమని 2016లో కోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. దానికి చాలా ఏళ్ళు పట్టింది, అది వేరే కథ.

రాజస్థాన్ 2019లో ఏకంగా పాలసీ పెట్టింది. బోర్డు పరీక్ష చేసి సిలికోసిస్ అని సర్టిఫికెట్ ఇస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు, పెన్షన్ కూడా. అలా డబ్బు ముడిపెట్టాక అక్కడ సిలికోసిస్ రోగులు వేలల్లో బయటపడ్డారు. రాళ్ళు కొత్తగా పుట్టలేదు, రోగులూ కొత్తగా పుట్టలేదు. రాయించుకోవడానికి ఒక కౌంటర్ తెరిచారు, జనం వచ్చారు. అబద్ధం సర్టిఫికెట్లు కూడా వచ్చాయని గొడవ నడిచింది, నడుస్తుంది, డబ్బున్న చోట అదీ ఉంటుంది. అయినా సున్నా కన్నా నయమే కదా.

నన్నడిగితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముందు అడగాల్సింది పరిహారం కాదు, ఆ కౌంటరే. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు, ఛెస్ట్ డాక్టరు ఒకరు, చీటీ మీద "ఏ పని, ఎన్నేళ్ళు" అని ఒక గడి. టీబీ మందులు రెండోసారి మొదలుపెట్టే ప్రతి మనిషినీ ఆ గడి నింపకుండా పంపొద్దు అంటే చాలు, ఏడాది తిరక్కుండా నీ ప్రశ్నకి జవాబు వచ్చేస్తుంది.

నైట్‌షిఫ్ట్

ఇదొక్కటి ఒప్పుకుంటా. టీబీ రెండోసారి వాడేవాళ్ళని అడగడం అనేది ఖర్చు లేని పని. గుండెపోటు వాటాల దగ్గర మాత్రం నా అనుమానం నాకుంది.

గూడూరు_కుర్రోడు

ఇన్ని విషయాలు చెప్పారు, అందరికీ థాంక్స్. చిన్నాన్నని వచ్చే వారం నెల్లూరు తీసుకెళ్తున్నా. ఒక చిక్కు ఉంది. ఆ మిల్లు మూసేసి చాలా కాలమైంది, ఓనరు మారాడు, ఇప్పుడు అక్కడ గోడౌన్ ఉంది. జీతం కవర్లో ఇచ్చేవాళ్ళు, స్లిప్పు గిప్పు ఏమీ లేదు. అక్కడ పనిచేసినట్టు ఏం చూపించాలి?

సంఘంమనిషి

ముందు ఆధార్‌తో పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు ఏమైనా ఉన్నాయేమో వెతుకు. చాలా మిల్లులు కొన్నాళ్ళు కట్టి మానేస్తాయి, ఆ కొన్నాళ్ళ పాస్‌బుక్కులో యజమాని పేరు ఉంటుంది, అదే పెద్ద సాక్ష్యం. అది లేకపోతే కలిసి పనిచేసినవాళ్ళు ఎవరెవరు బతికున్నారో చూసి, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా కలిసి చేశాం అని నోటరీ దగ్గర రాయించు. పోయినవాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళు, వాళ్ళ ఎక్స్‌రేలు, టీబీ కార్డులు ఇంకా అటక మీద ఉండొచ్చు. ఒక్కడు వెళ్తే "నీ ఖర్మ" అంటారు, ఒకే మిల్లు నుంచి ఐదారుగురి కాగితాలు పట్టుకెళ్తే కుర్చీ వేస్తారు. పరిహారం అడగడానికి గడువులు ఉంటాయి, కాబట్టి కాగితాలు చేతికి రాగానే కార్మిక కేసులు చూసే లాయర్‌ని కలువు, నానబెట్టొద్దు.

స్టెతస్కోపు

ఈఎస్‌ఐ నంబరు దొరికితే నాకు చెప్పండి, పని జబ్బుల కోసం ఈఎస్‌ఐకి చెన్నైలో ప్రత్యేకంగా సెంటర్ ఉంది, రిఫరల్ ఎలా అడగాలో చెప్తాను. నెల్లూరు వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు అన్నీ తీసుకెళ్ళండి, కొత్తది ఒక్కటే చూపిస్తే సరిపోదు, మచ్చలు ఏళ్ళ మీద ఎలా పెరిగాయో చూస్తేనే టీబీకీ దీనికీ తేడా తెలిసేది. ఫిల్ములు మాత్రం ఎవరికీ వదిలేసి రావద్దు, కిటికీ వెలుతురుకి పెట్టి ఫోన్లో ఫొటో తీసుకుని, వెనకాల తేదీ రాసి మీ దగ్గరే ఉంచుకోండి.